గుహలో కాన్పుల గది

ఇంటి నుంచి,
అమ్మ గదికి పక్కగదిలో కూర్చుని

ఒరేయ్ తమ్ముడూ,

నువ్వు దొంగవి. క్షేమసమాచారాలు తర్వాత. ముందు ఈ మాట చదివి, కాగితం మడతపెట్టకుండా ఇంకోసారి చదువు. నువ్వు దొంగవి. పరాయి ఇంట్లో కూడా కాదు, కన్నతల్లి దగ్గర దొంగిలించావు.

నువ్వు రాసిన మీ గురువుగారి జీవితచరిత్ర నిన్న పార్సిల్లో వచ్చింది. అట్ట పాలరాయిలా నున్నగా ఉంది, దాని మీద "సత్యకథ" అని పెద్ద అక్షరాలు. అమ్మ దాన్ని ఒళ్ళో పెట్టుకుని చేత్తో తడిమి చూసుకుంది. శుక్లాలు ముదిరి అక్షరాలు కనపడటం లేదు కదా, కుర్చీ నా వైపు జరుపుకుని, "మన కాన్పుల గది ఎక్కడొచ్చిందో అక్కడి నుంచి చదవవే" అంది.

ఎక్కడొచ్చిందిరా? చెప్పు, ఎక్కడొచ్చింది?

చలికాలంలో నువ్వు వచ్చి, బల్ల మీద రికార్డరు పెట్టి, రోజుల తరబడి ఆవిడని మాట్లాడించావు. ప్రసూతి ఆసుపత్రిలో హెడ్ సిస్టర్‌గా తొడుక్కున్న తెల్ల యూనిఫాం పెట్టె అడుగు నుంచి తీయించి, ఇస్త్రీ చేయించుకుని ఫొటో దిగింది. "నా కొడుకు నన్ను పుస్తకంలో పెడుతున్నాడు" అని కింది వాటా వాళ్ళకి చెప్పింది, పాలవాడికి చెప్పింది, కరెంటు మీటరు చూడటానికి వచ్చినవాడికీ చెప్పింది.

మీ గురువుగారు ఒకప్పుడు ఆ ఆసుపత్రిలో అంబులెన్సు డ్రైవరని మన ముగ్గురికీ తెలుసు. రోడ్డు ఖాళీగా ఉన్నా హారన్ మీంచి చెయ్యి తీసేవాడు కాదని ఆసుపత్రంతా ఆయన్ని "హారన్" అనే పిలిచేది. ఆ హారన్ ఒకరోజు అమ్మ దగ్గరికి వచ్చి, "సిస్టర్, వెనక ఆడవాళ్ళు అరుస్తుంటే నాకు స్టీరింగు మీద చేతులు నిలవటం లేదు. మీరు వాళ్ళ చేత ఏదో ఊదిస్తారే, అది నాకూ చెప్పండి" అన్నాడు. అమ్మ కాంటీన్ బెంచీ మీద కూర్చోబెట్టి నేర్పింది. "వేడిపాలు ఒలకకుండా ఊదినట్టు ఊదు. గిన్నె ఒళ్ళో ఉందనుకో. ఒలికితే కాలేది నీకే." ఇదంతా ఆవిడ నీ రికార్డరుకి చెప్తుంటే నేను గుమ్మంలో నిలబడి విన్నాను. నువ్వు కళ్ళు తుడుచుకోవడం కూడా చూశాను.

మరి పుస్తకంలో? మంచుకొండ. గుహ. పేరు లేని ఒక తపస్వి. గుహలో ఏళ్ల తరబడి దీక్ష, చివర ఆకాశవాణి లాంటిదేదో, అప్పుడు లోకానికి దక్కిన "క్షీరప్రాణ విద్య". పాలు ఊదటానికి ఎంత పేరు పెట్టార్రా! అమ్మ కోసం పుస్తకమంతా గాలించాను. దొరికింది. "ఆ రోజుల్లో ఒక ఆసుపత్రి మెట్ల మీద ఎవరో పరిచారిక ఆయన దాహం తీర్చింది." అంతే. ఆవిడ జీవితానికి నువ్వు కట్టిన వెల గ్లాసుడు మంచినీళ్ళు.

ఆ వాక్యం పైకే చదివాను. ఆవిడ, "నీళ్ళు కూడా ఇచ్చే ఉంటాను లే" అంది.

నాకు ఒక్కదానికి జవాబు కావాలి. గుహ ఎందుకు?

అక్క

*

ధ్యానకేంద్రం,
పై అంతస్తు, రచనా విభాగం

అక్కకి నమస్కారాలు,

నీ ఉత్తరం నువ్వు చెప్పినట్టే రెండుసార్లు చదివాను. మూడోసారి చదివేటప్పుడు కోపం తగ్గి నవ్వొచ్చింది. చిన్నప్పుడు నా వ్యాసాల మీద ఎర్రసిరాతో "ఎందుకు?" అని రాసేదానివి. ఇప్పుడూ అదే చేత్తో రాశావు.

దొంగననుకో. తిట్టే హక్కు నీకుంది. కానీ కాన్పుల గది అధ్యాయం నేను రాయలేదనుకోకు. రాశాను. ఇంతవరకు నేను రాసినవాటిలో అదే మంచిది. కమిటీ తీసేసింది. వాళ్ళ వాదన కూడా వినక్కా. ఇక్కడికి ఎవరొస్తారో తెలుసా? లారీల ఓనర్లు, పోలీసు ఆఫీసర్లు, కోర్టుల్లో తీర్పులు చెప్పేవాళ్ళు. ఇంట్లో భార్య ముందు కూడా ఏడవని మగవాళ్ళు. గుహ అంటే వాళ్ళు కూర్చుంటారు. నొప్పులు పడే ఆడవాళ్ళ ఊపిరి అంటే చెప్పులేసుకుని లేచిపోతారు. వాళ్ళని కూర్చోబెట్టడానికి ఒక చాప కావాలి. గుహ ఆ చాప. అంతకంటే ఏమీ కాదు.

గురువుగారి బోధలో గుహ ఎక్కడుంది చెప్పు. ఆయన చెప్పేది మూడు మాటలు. భయం ముందు ఊపిరిలోకి వస్తుంది, తర్వాతే మనసులోకి. కాబట్టి ముందు ఊపిరిని పట్టుకో. ఊపిరి ఎవరి సొత్తూ కాదు, నువ్వు దానికి అద్దెకున్నావు. నువ్వు కూడా ఒప్పుకున్న మాటలే ఇవి. నువ్వు పనిచేసే పత్రికలో స్వాములని అన్ని సంచికల్లో ఉతికి ఆరేసినదానివి, ఈయన జోలికి మాత్రం పోలేదు.

పైగా నేను ఎలాంటి స్థితిలో ఇక్కడికి వచ్చానో నీకు తెలుసు. ఉద్యోగం పోయి, లిఫ్టులో ఊపిరాడక పడిపోయి, గది తలుపు తీయడానికి భయపడే రోజులవి. నన్ను పంపింది అమ్మే. "హారన్ దగ్గరికి పో. నా మాట నువ్వెలాగూ వినవు" అంది. వచ్చాను, బతికాను.

వచ్చే నెల కేంద్రం వార్షిక మహాసభ. అది అయ్యేదాకా పత్రికలో ఏమీ రాయకక్కా. తర్వాత రెండో ముద్రణలో ఏదైనా చెయ్యచ్చు.

అమ్మ ఇంకా ఆ క్లినిక్కుకి వెళ్తోందా? ఈ వయసులో మెట్లెక్కి ఎందుకు? విశ్రాంతి తీసుకోమని నువ్వయినా చెప్పు.

తమ్ముడు

*

పత్రిక ఆఫీసు,
మిషన్ల చప్పుడు మధ్య

తమ్ముడూ,

నేను ఒక ప్రశ్న అడిగితే నువ్వు తెలియకుండానే నిజం చెప్పేశావు. గుహ ఎందుకంటే, ఆడదాని ఊపిరంటే మగాళ్ళు లేచిపోతారు కాబట్టి. ఇంత నిజాయితీ నీ పుస్తకం మొత్తంలో లేదు.

లేచిపోతే పోనీరా! ఎక్కడికి పోతారు? వాళ్ళలో ఒక్కడైనా గుహలో పుట్టాడా? ఎవరో ఒక ఆడది పంటి బిగువున ఊదితేనే కదా బయటపడ్డాడు! వాళ్ళకి సిగ్గేస్తుందని మనం అమ్మని దాచాలా? వాళ్ళ చేతే ఆ సిగ్గు వదిలించాలి, అది కదా గురువు చేసే పని! జబ్బుకి మందు వేయకుండా దానికి చాప వేసి కూర్చోబెట్టాడు మీ గురువు. వాళ్ళ సంగతెందుకు, నీ సంగతి చూడు. నువ్వు తలుపేసుకున్న రోజుల్లో అమ్మ ఎన్నిసార్లు గుమ్మం దగ్గర కూర్చుని "ఊదరా, పాలు ఊదినట్టు ఊదు" అంది? నువ్వు లోపలి నుంచి ఏమన్నావు? "నీ కాన్పు గోల ఆపు" అన్నావు. అదే మాట గడ్డమున్నవాడు చెప్పేసరికి నీకు ప్రాణవిద్య అయింది.

స్వాములందరినీ తిట్టి ఈయన్ని వదిలేశానని దెప్పావు. నిజమే. మహిమలు చూపించడు, విభూతి రాల్చడు, నమ్మకండి చేసి చూడండి అంటాడు కదా అని వదిలేశాను. మా పత్రికవాళ్ళు "మీ ఇంటి గురువుకి మినహాయింపా?" అని ఎకసెక్కాలాడుతుంటే పడ్డాను. ఇంకా పడతాను, నాకు బుద్ధి రావాలి.

ఇప్పుడు అసలు సంగతి.

మొన్న అమ్మ క్లాసుకి నేనూ తోడు వెళ్ళాను. ఆ చిన్న క్లినిక్కు వెనక గదిలో చాపలేసి, నెలలు నిండుతున్న ఆడవాళ్ళని కూర్చోబెట్టి నేర్పుతుంది కదా. మందులషాపు అమ్మాయి, ఇద్దరు టీచరమ్మలు, తండ్రి పోయి భర్త ఊళ్ళో లేని ఒక దర్జీ పిల్ల. ఆ పిల్లకి ఇది తొలిచూలు. భయంతో పెదాలు కొరుక్కుని రక్తం తెచ్చుకుంది. అమ్మ ఆ పిల్ల వీపు మీద చెయ్యి వేసి, "ఎవరినైనా తిట్టాలనుందా? తిట్టు. తిట్టాలన్నా ముందు ఊపిరి కావాలి కదమ్మా" అంది. గదంతా నవ్వు.

అప్పుడు వచ్చారు ఇద్దరు, తెల్లబట్టల్లో, వెన్న రాసినట్టున్న మాటలతో. డాక్టరుగారు వాళ్ళ వెనకే చేతులు నలుపుకుంటూ నిలబడ్డాడు.

"అమ్మగారూ, మీరు నేర్పుతున్నది గురువుగారి పద్ధతి. అది కేంద్రం పేరు మీద రిజిస్టరయింది. శిక్షణ పొందనివాళ్ళు నేర్పితే ప్రమాదం."

అమ్మ అంది: "ఏది రిజిస్టరయింది నాయనా? ఊదటమా?"

"ఊదటం కాదండీ. ఆ క్రమం. ముఖ్యంగా శ్వాస వదిలేటప్పుడు ఎడమ మడమ నొక్కడం. అది గురువుగారికి గుహలో స్ఫురించింది. వామపాదం భూశక్తికి ద్వారం."

అమ్మ నోరు తెరిచి వాళ్ళని చూసింది. తర్వాత నవ్వటం మొదలుపెట్టిందిరా! దగ్గొచ్చేదాకా నవ్వింది. "అయ్యో నాయనా! మా కాన్పుల గదిలో మంచం చక్రాలకి బ్రేకు పట్టేది కాదు. ముక్కితే మంచం జారిపోయేది. కాళ్ళవైపు ఎడమపక్కన గోడ, కుడిపక్కన తలుపు. అందుకని ఎడమ మడమ గోడకి తన్నిపట్టమనేదాన్ని. కొత్త మంచం ఇవ్వండని అడిగీ అడిగీ నా నోరు పడిపోయింది. హారన్‌కి నేర్పేటప్పుడు అలవాటుకొద్దీ మడమ కూడా చెప్పాను. ఆ మడమని వాడు ఇన్నాళ్ళూ మోస్తున్నాడా?"

ఆడవాళ్ళు పొట్టలు పట్టుకుని నవ్వారు. తెల్లబట్టలవాళ్ళు నవ్వలేదు. డాక్టరుగారు మెల్లగా, "సిస్టర్ గారూ, వాళ్ళు కోర్టు అంటున్నారు. నాది చిన్న క్లినిక్కు. కొన్నాళ్ళు ఆపుదాం" అన్నాడు. అమ్మ నవ్వు ఆగిపోయింది. డాక్టరు వద్దంటే ఆవిడ ఎదురు చెప్పదు, ఆసుపత్రిలో పెరిగిన మనిషి. చాపలు చుట్టేసింది. దర్జీ పిల్ల, "నా సంగతేంటి అమ్మమ్మా?" అంది.

ఊపిరి ఎవరి సొత్తూ కాదన్న మనిషి ఊపిరి మీద రిజిస్ట్రేషను చేయించుకున్నాడు. ఈ సంగతి నీకు ముందే తెలుసా? అవునో కాదో రాయి. మధ్యలో తత్వం వద్దు.

అక్క

*

ధ్యానకేంద్రం,
తోటవైపు గది

అక్కా,

నాకు తెలియదు. నీ ఉత్తరం చూశాకే తెలిసింది. అన్నం తినబుద్ధి కాలేదు.

అపాయింట్‌మెంటు లేకుండా గురువుగారి గదిలోకి వెళ్ళాను. ఆయన కుర్చీలో ఎండకి కాళ్ళు చాపుకుని ఉన్నారు. ఇప్పుడు ఎక్కువ మాట్లాడరు. మడమ సంగతి చెప్పాను. కళ్ళు మూసుకుని, "సిస్టర్ ఇంకా అలాగే తిడుతుందా?" అని అడిగారు. తిడుతుందన్నాను. "నన్ను కాంటీన్లో అందరి ముందూ తిట్టేది నాయనా. ఊదరా గాడిదా, అరవకు అనేది. అంత శ్రద్ధగా నన్నెవరూ తిట్టలేదు" అన్నారు. ఆయన కంట్లో నీళ్ళు తిరిగాయి. ఆయన మర్చిపోలేదక్కా, అది నువ్వు నమ్మాలి.

అయితే ఆ మాట సభలో చెప్పండి అన్నాను. ఆయన తోటలోకి చూశారు. "మొదట్లో గుహ సంగతి ఎవరో అడిగితే కాదనలేదు. ఇప్పుడు కాదంటే ఇంతమంది ఎక్కడ కూర్చుంటారు? కమిటీ చూసుకుంటుందిలే" అన్నారు. అంతే, మళ్ళీ కళ్ళు మూసుకున్నారు.

కమిటీతో గంటలకొద్దీ వాదించి ఒక దారి తెచ్చాను. మన ఊరి శాఖలో తొలి మెట్టు శిక్షణ ఉంది. అమ్మ దానికి వెళ్ళి కూర్చుంటే చాలు, బోధకురాలిగా గుర్తింపు ఇస్తారు. ఫీజు లేదు. చివర్లో ఒక్క సంతకం. తర్వాత క్లినిక్కులో ఆవిడ ఇష్టం, ఎవరూ అడ్డురారు. కోపంతో కాకుండా ఆలోచించు. నీకు సిద్ధాంతం ముఖ్యమా, ఆ దర్జీ అమ్మాయి ముఖ్యమా?

తమ్ముడు

*

ఇంటి నుంచి,
వంటగది బల్ల దగ్గర

తమ్ముడూ,

ఈ ఉత్తరంలో అరవను. అరిచే ఓపిక అయిపోయింది.

నువ్వు నాకు రాసిన రోజే అమ్మకి ఫోన్ చేశావు. నేను ఒప్పుకోనని తెలిసి నా వెనక నుంచి వెళ్ళావు. నీ ఉత్తరం చేరేసరికి ఆవిడ యూనిఫాం తొడుక్కుని గుమ్మంలో నిలబడి ఉంది. వద్దని పోట్లాడాను. "నీకు నా పేరు కావాలే. నాకు ఆ పిల్లలు కావాలి. తప్పుకో" అంది. నా సిద్ధాంతాలన్నీ మింగి ఆవిడ వెంట రిక్షా ఎక్కాను.

శాఖలో బోధకురాలు మన పక్కింటి పిల్ల వయసుది, మంచి పిల్ల. అమ్మ చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టి ఊపిరి ఎలా తీయాలో నేర్పింది. అమ్మ ఆ పిల్ల చెప్పినట్టల్లా చేసింది. మడమ దగ్గర నావైపు చూసి కన్ను గీటింది కూడా. చివర్లో కాగితం తెచ్చారు. "కళ్ళు కనపడవమ్మా, ఏముందో చదువు" అంది. ఆ పిల్ల చదివింది. ఈ విద్యను గురువుగారి పరంపరలో మాత్రమే నేర్చుకున్నాననీ, అంతకుముందు తనకు తెలియదనీ.

అమ్మ పెన్ను కింద పెట్టింది. "నా చేతుల మీద పుట్టిన ప్రతి బిడ్డకీ రిజిస్టర్లో నేనే రాసేదాన్ని తల్లీ. తండ్రి పేరు తెలియనివాళ్ళకి ఖాళీ వదిలాను. తల్లి పేరు మాత్రం ఎప్పుడూ మార్చి రాయలేదు" అని లేచి నిలబడింది.

ఆ పిల్ల కంగారుపడి, మంచి చేద్దామనే అంది: "ఇలా అవుతుందని మీ అబ్బాయిగారు ముందే అన్నారండీ. క్లినిక్కులో క్లాసు ఆపించమని అప్పుడు చెప్పింది కూడా ఆయనే. పెద్దావిడ, నొప్పించకుండా మెత్తగా మాట్లాడేవాళ్ళనే పంపమని మరీ మరీ చెప్పారు."

మెత్తగా! అమ్మకి చెవులు బాగానే పనిచేస్తాయిరా. ఇంటికొచ్చాక మెట్ల దగ్గర నా భుజం పట్టుకుని, "వాడు చిన్నప్పుడు జ్వరమొస్తే మందు కూడా మెత్తగానే అడిగేవాడు" అంది. అప్పటి నుంచి రేడియో పెట్టడం లేదు. నీ పుస్తకం ఇంకా ఆవిడ మంచం పక్కనే ఉంది. తీస్తానంటే తీయనివ్వటం లేదు.

"నాకు తెలియదు, అన్నం తినబుద్ధి కాలేదు" అని రాశావు. ఆ వాక్యం ఎలా రాయగలిగావురా? కంచే చేను మేస్తే ఒక పద్ధతి. మేసి, మళ్ళీ చేను దగ్గరికొచ్చి ఏడ్చే కంచెని నేనెక్కడా చూడలేదు.

అక్క

*

ధ్యానకేంద్రం

అక్కా,

నేనే చెప్పాను. దాచి లాభం లేదు.

అమ్మ క్లాసుకి వెళ్ళిన ఒకామె ఇక్కడికొచ్చి, అందరి ముందూ, "ఇది మా అమ్మమ్మగారు క్లినిక్కులో ఊరికే నేర్పేదే కదా" అంది. కమిటీ నావైపు చూసింది. ఎవరో వెళ్ళి రభస చేసేకంటే నెమ్మదిగా ఆగిపోతే అమ్మకే మంచిదనుకున్నాను. ఇది బయటికి చెప్పే కారణం.

లోపలిది నీకే రాస్తున్నాను. గుహ అబద్ధమైతే నేను బాగుపడింది దేనివల్ల? అమ్మ ఊపిరి వల్లే అయితే, ఆవిడ నా గుమ్మం బయట కూర్చుని ఉండగా నేను లోపల చావబోయాను కదా. ఆ తలుపు నేను తీసి ఉండాల్సింది. ఆ సంగతి చూడకుండా ఉండటానికి నాకు గుహ కావాలి. లారీ ఓనర్ల కంటే నాకే ఎక్కువ కావాలి.

రేపటి నుంచి నేను మౌనదీక్షలో ఉంటాను. కొంతకాలం ఉత్తరాలకి జవాబు ఉండదు.

తమ్ముడు

*

ఇంటి నుంచి,
అమ్మ గది గుమ్మంలో

తమ్ముడూ,

మొదటిసారి నిజం రాశావు. రాసి, జవాబు వినకుండా పారిపోతున్నావు. కాబట్టి మౌనంలో ఉన్నా చదవగలిగేంత పొట్టిగా రాస్తాను.

నీ లోపలి కారణం చదివి నాకు గుండె కరిగింది. కానీ అది వేరే లెక్క. నీ నొప్పి నిజమే, దాన్ని తీసుకెళ్ళి ఆవిడ నోటికి గుడ్డ కట్టడం నేరం. రెండూ ఒకే మనిషివి కావచ్చు, ఒకటి రెండోదాన్ని మాఫీ చేయదు.

నిన్న దర్జీ పిల్ల మన మెట్లెక్కి వచ్చింది. రెయిలింగు పట్టుకుని ఆయాసపడుతూ, "ఇంట్లో అయినా చెప్పండి అమ్మమ్మా" అంది. అమ్మ తలుపు తీసి, "వద్దు తల్లీ, నేను చెప్పకూడదట. చెప్తే డాక్టరుగారిని కోర్టుకి లాగుతారట" అని వెనక్కి పంపింది. నొప్పులొచ్చే పిల్లని ఆవిడ వెనక్కి పంపడం నా కళ్ళతో చూశాను. అది నువ్వు చేసిన పని. నేను ఆ పిల్లకి నేర్పబోతే నాకు రావటం లేదు. నేనూ అమ్మ దగ్గర నేర్చుకోలేదు, నాకు అప్పట్లో ఉపన్యాసాలు ముఖ్యం. అది నా సిగ్గు. నీ సిగ్గు నువ్వు మొయ్యి.

నాకు కావలసినవి ఇవి:

1. క్లినిక్కు డాక్టరుకి నువ్వే ఫోన్ చేసి, కేంద్రం ఫిర్యాదు వెనక్కి తీసుకుందని చెప్పాలి. దానికి ముందు కమిటీ చేత తీయించాలి. మెత్తగా కాదు.

2. కమిటీ తీసేసిన అధ్యాయం నీ పేరుతో పత్రికకి పంపాలి. ఒక్క అక్షరం దిద్దను.

3. అమ్మ గొంతు ఉన్న రికార్డింగులన్నీ ఇంటికి పంపాలి. అవి నీవి కావు.

4. మహాసభలో గురువుగారు కాన్పుల గది అనే మాట తన నోటితో అనాలి. ఆయన అనకపోతే నువ్వు లేచి అనాలి.

5. పుస్తకం అట్ట మీద "సత్యకథ" అన్న మాట తీసేయాలి.

6. ఇంటికి రావాలి. ఆ ఆడవాళ్ళ మధ్య చాప మీద కూర్చుని అమ్మ దగ్గర మొదటి నుంచి నేర్చుకోవాలి. ఫొటోగ్రాఫరు వద్దు.

7. వీటిలో ఏది చెయ్యకపోతే అది చెయ్యనని రాయాలి. మౌనాన్ని జవాబుగా తీసుకోను.

8. మొదటిది ఇవాళే చెయ్యాలి. ఆ పిల్లకి నెలలు నిండాయి.

అక్క